ముందు కాళ్లు, తర్వాత చేతులు: ఊరేగింపుకు బ్రెజిల్ వాయిద్యం

కొత్తగా చేరేవాళ్ల కళ్లు ముందు చిన్న డ్రమ్ము మీదే పడతాయి. టపటపమని మోగేది, చూసేవాళ్లు మెచ్చుకునేది అదే మరి. పెద్ద డ్రమ్ము తగిలిస్తే ముఖం ముడుచుకుంటారు. ‘‘ఇందులో వాయించేదేముంది, ధుమ్ ధుమ్మని రెండు దెబ్బలే కదా’’ అంటారు. ఆ రెండు దెబ్బలూ చోటు తప్పితే మిగతా ఇరవై మంది ఎంత బాగా వాయించినా అది ఊరేగింపు కాదు, ఉత్త గోల. నేర్పేవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు. చేతులు తిరిగే వరసలన్నీ ముందు నేర్పేసి, నడకను ఆఖరి వారానికి వదిలేస్తారు. ఈ టపా దాన్ని తిరగేసి చెప్పడానికి.

వాయించబోయేది బ్రెజిల్ దేశపు సాంబా-రెగే అనే డ్రమ్ముల లయ. డ్రమ్ము ఎన్నడూ పట్టని 24 మందిని, అక్టోబరు 2 ఉదయం నెల్లూరు వీఆర్సీ సెంటర్ నుంచి గాంధీబొమ్మ దాకా నడిచే ఊరేగింపుకు ఎట్లా తయారు చేయాలన్నది విషయం. వినాయక నిమజ్జనానికైనా, కాలనీ సంక్రాంతికైనా పద్ధతి మారదు.

గాంధీ జయంతికి బ్రెజిల్ డ్రమ్ములేంటని తప్పకుండా అడుగుతారు. జవాబు సాల్వదోర్‌లో ఉంది. బ్రెజిల్ తూర్పు తీరంలో బయియా రాష్ట్రానికి రాజధాని అది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి ఎక్కువగా ఉండే ఊరు. గాంధీ చనిపోయిన మరుసటి ఏడాది, 1949లో, అక్కడి ఓడరేవు కూలీలు కార్నివాల్ ఊరేగింపుకు ఒక బృందం కట్టి ‘ఫిల్యోస్ ది గాంధి’ అని పేరు పెట్టుకున్నారు. గాంధీ బిడ్డలు అని అర్థం. తెల్ల బట్టలు, తలకు తెల్ల పాగా, మెడలో నీలం తెలుపు పూసలు. ఆ బృందం ఇప్పటికీ నడుస్తోంది. పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమాన్ని 1921లో గాంధీ చేతనే తెరిపించుకున్న జిల్లా మనది. వాళ్లూ మనమూ మరీ అంత పరాయివాళ్లం కాదు.

వాళ్లు వాయించేది మాత్రం సాంబా-రెగే కాదు, ఇజెషా. కాందోంబ్లే అనే ఆఫ్రో-బ్రెజిలియన్ మతంలో దేవతలను కొలిచే లయ అది, అక్కడినుంచి వీధిలోకి వచ్చింది. చేతులతో, నిదానంగా, జంట గంటల మోత వెంట సాగుతుంది. పేరు కలిసింది కదా అని దాన్నే ఎత్తుకోవాలనిపిస్తుంది. వద్దంటాను. చేత్తో వాయించే డ్రమ్ములు ట్రంకు రోడ్డు ఆటో హారన్ల కింద మునిగిపోతాయి, అది ఒకటి. పోలేరమ్మ కొలుపులో అమ్మవారిని పిలిచే దెబ్బను ఎవరో తీసుకుపోయి షాపు ఓపెనింగ్‌లో వాయిస్తే మనకెట్లా ఉంటుంది? ఇదీ అంతే.

సాంబా-రెగే పుట్టిందే వీధి కోసం. నల్లవాళ్లను దూరంగా పెట్టిన కార్నివాల్‌కు ఎదురు నిలబడి 1974లో ‘ఇలే ఐయే’ బృందం పుట్టింది. 1979లో ‘ఒలోదుం’ వచ్చింది. 1980లలో ఒలోదుం వాయిద్య గురువు నెగిన్యో దో సాంబా బ్రెజిల్ సాంబాకు కరీబియన్ రెగే సంగీతపు నడకను కలిపి, జోరు తగ్గించి, పెద్ద డ్రమ్ములకు పెద్ద పీట వేశాడు. మైకేల్ జాక్సన్ 1996 వీడియోలో సాల్వదోర్ పాతబస్తీ పెలోరిన్యో రాళ్ల వీధుల్లో డ్రమ్ములు వాయించే గుంపు గుర్తుందా? వాళ్లే ఒలోదుం.

ఇక వాయిద్యాలు. బ్రెజిల్ నుంచి ఏమీ తెప్పించనక్కర్లేదు.

పెద్ద డ్రమ్మును అక్కడ సుర్దు అంటారు. 16 నుంచి 24 అంగుళాల వెడల్పు, అర మీటరు పైగా లోతు, రెండు వైపులా మూత. మన దగ్గర దానికి దగ్గరిది స్కూలు బ్యాండు బేస్ డ్రమ్ము. లోతు తక్కువ కాబట్టి మోత త్వరగా ఆగిపోతుంది, అయినా పనికొస్తుంది. బ్యాండులో మాదిరి రొమ్ముకు నిలువుగా కట్టకూడదు. ఒకే అంచుకు రెండు కొక్కేలు బిగించి, నడుముకు వేలాడేటట్టు, పై మూత కాస్త ముందుకు వాలేటట్టు తగిలించాలి. పట్టీకి మంచాల నవారు బాగుంటుంది. నైలాన్ తాడు పది నిమిషాల్లోనే భుజం కోసేస్తుంది. నడిచేటప్పుడు డ్రమ్ము అంచు అడుగడుగునా ఎడమ తొడకు కొట్టుకుంటుంది. అక్కడ అంగుళం మందం స్పాంజి కట్టకపోతే మరుసటి రోజుకు కమిలిపోతుంది, ఆ మనిషి తర్వాతి క్లాసుకు రాడు.

బేస్ డ్రమ్ములు చాలకపోతే ప్రాక్టీసుకు 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు చాలు. రొయ్యల చెరువులున్న జిల్లాలో వాటికి కరువు లేదు. వెడల్పు సుమారు 58 సెంటీమీటర్లు, అంటే 23 అంగుళాలు, పెద్ద సుర్దుకు సరిగ్గా సరిపోతుంది. అడుగు నుంచి అర మీటరు ఎత్తులో రంపంతో కోసి, బోర్లించి, అడుగు మీద వాయించడమే. కోసిన అంచుకు పాత గార్డెన్ పైపును నిలువునా చీల్చి తొడగాలి, లేకపోతే బట్టలూ చర్మమూ రెండూ చిరుగుతాయి. మొలాసిస్ పోసిన డ్రమ్ములైతే కడుక్కుంటే సరిపోతుంది. ఫార్మలిన్, బ్లీచింగ్, యాసిడ్ పోసినవి ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. శబ్దం ‘ధుమ్’ అనదు, ‘డబ్’ అంటుంది. ఊరేగింపు రోజుకు కనీసం నాలుగైనా అసలు బేస్ డ్రమ్ములు సంపాదించుకోవాల్సిందే.

వాయించే కర్రకు జానెడున్నర పొడవు, బొటనవేలంత లావు చాలు. కొసకు టెన్నిస్ బంతి గుచ్చి, పాత నూలు గుడ్డ రెండు పొరలు చుట్టి, సైకిల్ ట్యూబు రబ్బరుతో బిగించాలి. గుడ్డ లేకుండా వట్టి బంతితో కొడితే దెబ్బ చప్పుడే వినిపిస్తుంది, మోత వినిపించదు.

పెద్ద డ్రమ్ముల్లో రెండు రకాలు ఉండాలి, ఒకటి మంద్రం, ఒకటి దానికంటే హెచ్చు. మంద్రం దాని మూత ముడతలు పోయేదాకా మాత్రమే బిగించి, అక్కడినుంచి ఎదురెదురు బోల్టులను పావు తిప్పు చొప్పున సరిచేయాలి. వరసగా గుండ్రంగా బిగించుకుంటూ పోతే మూత ఒక వైపుకు లాగి, ఒక్కో చోట ఒక్కో శబ్దం వస్తుంది. మంద్రం ‘స’ అనుకుంటే హెచ్చుది ‘మ’ దగ్గర ఉంటే చెవికి స్పష్టంగా తేడా తెలుస్తుంది. రెండూ ఒకే స్థాయిలో ఉంటే రోడ్డు మీద ఏది ఎవరిదో తెలియక వాయించేవాళ్లే తికమకపడతారు.

నడిమి సైజుకు బ్యాండు టెనర్ డ్రమ్ములు. కైషా అనే తీగల డ్రమ్ముకు 14 అంగుళాల సైడ్ డ్రమ్ము, అచ్చంగా అదే వాయిద్యం. రెపిక్ అనే గట్టి గొంతు చిన్న డ్రమ్మును బయియాలో రెండు సన్నటి ప్లాస్టిక్ పుల్లలతో వాయిస్తారు. దాని స్థానంలో మనకు డప్పు, నెల్లూరు పక్క పల్లెల్లో పలక అంటారే, అది. లావు కర్ర సిర్ర, సన్నటి చిటికెన పుల్ల రెండూ కలిసి పలికే పలుకు రెపిక్‌కు ఏమాత్రం తీసిపోదు. పైగా బరువు లేదు.

డప్పు నేర్పడానికి యూట్యూబ్ చాలనుకోవద్దు. పక్క ఊరి డప్పు కళాకారుడిని పిలవండి. గౌరవంగా ‘గారు’ అని పిలిచి, క్లాసుకు ఇంత అని ముందే మాట్లాడుకుని, భోజనం పెట్టి డబ్బు అదే రోజు చేతికివ్వండి. చిటికెన పుల్లను వేళ్ల మధ్య ఎంత వదులుగా పట్టుకోవాలో ఆయన చూపించినట్టు ఏ వీడియో చూపించదు. ఇన్నాళ్లూ చావుకూ జాతరకూ తప్ప పిలవనివాళ్లను గాంధీ పేరుతో జరిగే ఊరేగింపులో ముందు వరసలో గురువుగా నడిపించకపోతే సాల్వదోర్ కథ చెప్పుకోవడం దండగ.

24 మందిని ఇట్లా పంచుతాం: మంద్రం ఇద్దరు, హెచ్చు ఇద్దరు, నడిమి డ్రమ్ములు నలుగురు, సైడ్ డ్రమ్ములు ఆరుగురు, డప్పులు ఎనిమిది మంది, గలగల సీసాలు ఇద్దరు పిల్లలు. పన్నెండు మందే ఉంటే అన్నీ సగం చేసుకోండి. సైడ్ డ్రమ్ములు ఆరు దాటనివ్వకండి, ఆ తీగల రొద మిగతా అన్నింటినీ మింగేస్తుంది. సీసాలంటే అర లీటరు నీళ్ల సీసాలో అయిదో వంతు పెసలు. సగం నింపితే గింజ కదలదు, శబ్దం చస్తుంది.

జూలై రెండో ఆదివారం మొదలుపెడితే పదకొండో పన్నెండో క్లాసులు దొరుకుతాయి. గంటన్నర చాలు. మొదటి రెండు క్లాసులకు డ్రమ్ములే తీసుకురావొద్దు. నోరు, చప్పట్లు, కాళ్లు, అంతే. ఇది వినగానే కొందరు జారుకుంటారు, జారుకోనివ్వండి.

లెక్క తకధిమి. నాలుగు తకధిములు, మొత్తం పదహారు అక్షరాలు, నాలుగు అడుగులు. ప్రతి ‘త’ మీద ఒక అడుగు పడాలి. ఒకటో అడుగు, మూడో అడుగు ఎడమ కాలు. రెండు, నాలుగు కుడి కాలు. నోటితో అంటూ మైదానం చుట్టూ నడవాలి. పది నిమిషాలు ఎవరూ కాలు మార్చుకోకుండా నడిచిన రోజు డ్రమ్ములు బయటికి తీయండి.

హెచ్చు డ్రమ్ము ఎడమ కాలి మీద మోగుతుంది, మంద్రం కుడి కాలి మీద. ఒక మనిషికి ఎప్పుడూ ఒకే కాలు. రియో సాంబాలో కూడా అన్నిటికంటే మంద్రమైన సుర్దు రెండో దెబ్బ మీదే పడుతుంది. మనకు ఇది మొదట్లో వింతగా ఉంటుంది, ఎందుకంటే మన చెవి సమం మీద, అంటే ఒకటో దెబ్బ మీద, బరువు కోరుకుంటుంది. అందుకే మంద్రం పట్టినవాళ్లు మూడో క్లాసుకల్లా తమకు తెలియకుండానే ఒకటి మీదికి జరిగిపోతారు. చెబితే సరికాదు. కుడి మోకాలికి ఎర్ర రిబ్బను కట్టండి, అది లేచి దిగినప్పుడే కొట్టమనండి. ఎడమ అరచెయ్యికి కూడా పని ఉంది. తన దెబ్బ మోగనిచ్చి, ఎదుటి డ్రమ్ము మోగే అడుగు మీద తన మూతను అదిమి ఆపాలి. ఆ ఆపడం లేకపోతే రెండు మోతలూ కలిసిపోయి లారీ ఇంజను మాదిరి ఒకటే గురగుర.

నడిమి డ్రమ్ములు మూడడుగులు మౌనంగా నడిచి, నాలుగో అడుగున తకధిమి నాలుగు దెబ్బలూ రెండు చేతులా వాయించి, ఒకటో అడుగు మీద ఒక్క దెబ్బతో దిగుతాయి. మౌనంగా నడవడమే వీళ్లకు కష్టం.

అసలు రుచి డప్పులు, సైడ్ డ్రమ్ములు వాయించేదాంట్లో ఉంది. పదహారు అక్షరాలను తకిట తకిట తకధిమి తకిట తకిట అని విరవాలి: మూడు, మూడు, నాలుగు, మూడు, మూడు. ప్రతి ముక్క మొదటి అక్షరానికి ఒత్తు. అంటే ఒత్తులు 1, 4, 7, 11, 14 అక్షరాల మీద పడతాయి. డప్పులు ఆ అయిదు దెబ్బలే కొడతాయి. సైడ్ డ్రమ్ములు పదహారూ మెత్తగా వాయిస్తూ ఆ అయిదింటిని మాత్రం గట్టిగా పలికిస్తాయి. కుడి ఎడమ కుడి ఎడమ అని చేతులు మార్చుకుంటూ పోతే ఒత్తులు కుడి, ఎడమ, కుడి, కుడి, ఎడమ చేతులకు వస్తాయి. ఎడమ చెయ్యి బలహీనంగా ఉన్నవాళ్లకు రెండో ఒత్తు, అయిదో ఒత్తు ఎప్పుడూ మాయమవుతాయి. అప్పుడు వరస మొత్తం మళ్లీ చేయించొద్దు, ఎడమ చేత్తో ఆ రెండే కొట్టించండి.

మొదటి ఒత్తు తప్ప మిగతా నాలుగూ అడుగు పడని చోట ఉన్నాయని గమనించారా? కూర్చుని వాయించేటప్పుడు ఇది తేలిక. లేచి నడవగానే కాలు చేతిని తన దగ్గరికి లాక్కుంటుంది. ముఖ్యంగా ఆఖరి ఒత్తు 14 నుంచి 13కు, అంటే సరిగ్గా నాలుగో అడుగు మీదికి జారుతుంది. తకిట తకిట తకధిమి తక తకధిమి అయిపోతుంది. అదీ మంచి వరసే, క్యూబా సంగీతానికి వెన్నెముక అదే. కానీ సగం మంది ఇది, సగం మంది అది వాయిస్తే వినేవాళ్లకు ఎవరో మెట్ల మీదనుంచి డబ్బాలు దొర్లించినట్టు ఉంటుంది. కూర్చోబెట్టి నేర్పొద్దనేది ఇందుకే. మొదటి రోజు నుంచి, కదలకపోయినా సరే, కాళ్లు ఉన్నచోటే అడుగులు వేస్తూ ఉండాలి.

ఇక తీన్మార్ గొడవ. మన ఊళ్లో పుట్టి పెరిగిన ఏ చెయ్యికైనా ఊరేగింపు అనగానే తీన్మార్ వచ్చేస్తుంది. అది తిస్ర నడక, అడుగుకు మూడు. సాంబా-రెగే చతురస్రం, అడుగుకు నాలుగు. అలసట వచ్చినా, జనం ఈలలు వేసినా డప్పుల వరస మెల్లగా మూడులోకి ఒరిగిపోతుంది. ఒరిగినట్టు వాళ్లకు తెలియదు, హుషారుగా ఉంది అనుకుంటారు. మందు ఒకటే: సైడ్ డ్రమ్ముల వాళ్లు తకధిమి అని పైకి అంటూ వాయించాలి. నోరు నాలుగు అంటుంటే చెయ్యి మూడు కొట్టలేదు. క్లాసు చివర పది నిమిషాలు కావాలనే తీన్మార్ వాయించుకోనిస్తే ఆ దురదా తీరుతుంది, రెండింటికీ తేడా కూడా తెలుస్తుంది.

వేగం నిమిషానికి 88 అడుగులు. నేర్చుకునేటప్పుడు 70. ఫోన్‌లో మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని లయ కొట్టే యాప్) పెట్టి మొదలుపెట్టి, ఆపేసి, పది నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. 88తో బయల్దేరినవాళ్లు వంద దగ్గర తేలుతారు. వేగం పెంచేది డప్పులు, ఆపాల్సింది మంద్రం. అందుకే మంద్రం డ్రమ్ము బలమైన మనిషికి కాదు, తొణకని మనిషికి ఇవ్వాలి. బ్యాంకు కౌంటర్‌లో జనం అరుస్తున్నా నోట్లు నిదానంగా లెక్కపెట్టే రకం.

డ్రమ్ముతో అడుగు అర మీటరుకు మించదు. నిమిషానికి 44 మీటర్లు, కిలోమీటరుకు 23 నిమిషాలు. ఆగే చోట్లు కలుపుకుని అరగంట పైనే. మీ దారిని ఒకసారి నడిచి కొలుచుకోండి. చేతులు అరగంటకు మించి ఓర్చుకోవు. హవాయి చెప్పులు వద్దు, బూట్లు వేసుకోమనండి.

నలుగురు చొప్పున ఆరు వరసలు. ముందు రెండు వరసలు డప్పులు, మూడో వరస పెద్ద డ్రమ్ములు నాలుగూ, నాలుగో వరస నడిమివి, వెనక రెండు వరసలు సైడ్ డ్రమ్ములూ పిల్లలూ. పెద్ద డ్రమ్ములు వెనక ఉంటే గంభీరంగా ఉంటుందని కొందరంటారు. మధ్యలో ఉంటేనే అందరికీ దగ్గర అని నా వాదం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వరసల మధ్య మీటరున్నర ఉంటే మొదటి వరసకూ చివరి వరసకూ ఏడున్నర మీటర్లు, ఆలస్యం 22 మిల్లీసెకన్లు. దాన్ని చెవి క్షమిస్తుంది. ఫోటోల కోసం ఆగీ ఆగీ వరసలు విడిపోయి 30 మీటర్లు సాగాయనుకోండి, 88 మిల్లీసెకన్లు. మన వేగంలో ఒక అక్షరమే 170. అంటే సగం అక్షరం తేడా. అందరూ సరిగ్గానే వాయిస్తుంటారు, వినేవాళ్లకు మాత్రం అంతా ముద్ద. వరసలు దగ్గరికి లాగడానికే ఇద్దరు వలంటీర్లు ఉండాలి, వాళ్ల చేతికి డ్రమ్ము ఇవ్వకూడదు.

నడిపించే మనిషి వెనక్కి తిరిగి నడుస్తాడు కాబట్టి ఆయన వీపు వెనక ఒకరు తోడు ఉండాలి. విజిల్ ఒకటి, సైగలు మూడు: నాలుగు వేళ్లు చూపిస్తే ఇంకో నాలుగు ఆవృత్తాలకు (పదహారు అక్షరాల చుట్టు ఒక ఆవృత్తం) మార్పు, అరచెయ్యి కిందికి దించితే మెల్లగా, పిడికిలి మూస్తే ఆపడం. మూడు దాటితే రోడ్డు మీద ఎవరికీ గుర్తుండవు. ఇక ప్రతి ఒక్కరూ బట్టీ పట్టాల్సిన మాట ఒకటుంది. తప్పిపోతే చేతులు ఆపండి, కాళ్లు ఆపొద్దు. కాళ్లు నడుస్తుంటే తర్వాతి ఒకటో అడుగు మీద ఎక్కడున్నారో దొరుకుతుంది.

తోలు డప్పులైతే వరిగడ్డి మంట మీద కాచాలి. చేతిలో తిప్పుతూ, మంటకు మూరెడు దూరంలో, వేలితో తడితే టంగుమనే దాకా. ఒకే చోట ఆనిస్తే తోలు పగులుతుంది. అక్టోబరు మొదట్లో మబ్బు పడితే గాలి తేమకు అరగంటలో మళ్లీ నీరసపడతాయి. ఎనిమిదిలో నాలుగైనా ఫైబర్ డప్పులు ఉంచుకోవడం మంచిది, వాటి పలుకు కాస్త పొడిగా ఉన్నా.

గదిలో ప్రాక్టీసు చేస్తే చెవులకు ఫోమ్ ప్లగ్గులు తప్పనిసరి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు ఓర్చుకోవచ్చని లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. నూరు డెసిబెల్స్‌కు చేరేసరికి పావుగంటే మిగులుతుంది. ఆరు సైడ్ డ్రమ్ములు ఒక హాల్లో మోగితే అక్కడికి చేరడం కష్టమేమీ కాదు. వీలైతే మైదానమే మేలు.

పోలీసు అనుమతికి దారి, సమయం, మనుషుల సంఖ్య రాసివ్వాలి. దారి గీసుకునేటప్పుడు పొగతోట వైపు పోవద్దు, అక్కడన్నీ ఆస్పత్రులే. ఆస్పత్రి, బడి, కోర్టుల చుట్టూ వంద మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రభుత్వం ప్రకటించే వీలు చట్టంలో ఉంది. మాగుంట లేఅవుట్ లాంటి అండర్‌బ్రిడ్జి కిందుగా పోవాల్సి వస్తే వాయిద్యం ఆపి నడవండి. ప్రతి దెబ్బా గోడలకు కొట్టుకుని రెండుగా వినిపిస్తుంది, అందులో వేగం చెడితే బయటికొచ్చాక కూడా కుదురుకోదు.

ఉదయం ఏడుకు కదిలితే ఎనిమిదిన్నర లోపు అయిపోవాలి. ఆ తర్వాత ఎండకు ఇనుప అంచులు కాలుతాయి. మధ్యలో ఒకచోట మజ్జిగ చాలు, టిఫిన్ ముగిసాక పెట్టండి.

గాంధీబొమ్మ దగ్గర ముగింపు ఒక్కసారిగా ఆపేస్తే తెగిపోయినట్టు ఉంటుంది. డప్పులు ముందు మానాలి. నాలుగు ఆవృత్తాలకు సైడ్ డ్రమ్ములూ సీసాలూ, ఇంకో నాలుగుకు నడిమివి. అప్పటికి అందరూ ఉన్నచోటే అడుగులు వేస్తుంటారు, రెండు రకాల పెద్ద డ్రమ్ములే మోగుతుంటాయి. పిడికిలి లేచాక హెచ్చు డ్రమ్ముకు ఎడమ కాలి మీద ఒక దెబ్బ, మంద్రానికి కుడి కాలి మీద ఇంకొకటి. ఆ మోతను మాత్రం అరచేత్తో అదమకుండా వదిలేయాలి.